విషయం: ఆహార, వ్యాయామ యాప్‌లో తప్పుడు కేలరీ లెక్కలు, చందా సొమ్ము వాపసు గురించి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

ఏడాది చందా ముందే కట్టి మీ యాప్‌ను వాడుతున్నాను. అందులో లెక్కలు తప్పుతున్నాయని రాసిన ప్రతిసారీ ‘యాప్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి’ అన్న ఒకే జవాబు వస్తోంది. తప్పు నా ఫోనులో లేదు, మీ లెక్కలో ఉంది. దయచేసి ఈ ఉత్తరాన్నైనా మనిషి చేత చదివించండి.

ఖాతా తెరిచేటప్పుడు వయసు, ఎత్తు, బరువుతో పాటు రోజంతా ఎంత కదులుతానో కూడా అడిగారు. నాది తిరుగుతూ చేసే పని కాబట్టి ‘బాగా చురుకు’ అని ఎంచుకున్నాను. ఆ మేరకు నా రోజువారీ కేలరీల పరిమితిని పెంచారు. అంతవరకు సరే. సాయంత్రమయ్యేసరికి వాచీ లెక్కపెట్టిన అడుగులకు మళ్లీ కేలరీలు కలిపి, ‘ఇంకా 413 తినవచ్చు’ అని ఆకుపచ్చ అంకె చూపిస్తున్నారు. నడక ఒక్కటే, జమ మాత్రం రెండుసార్లు! ముందే కలిపిన శ్రమను మించి నడిచినప్పుడే ఆ మిగులును కలపాలి. బరువు తగ్గాలనుకునేవారికి అమ్మే యాప్‌లో ఇంత మాత్రం చూసుకోకపోతే ఎలా?

అసలు ఆ 413 అన్నదే అంచనా. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని ఒకటి మినహా అన్నీ బాగానే కొలిచాయి. ఖర్చయిన కేలరీల దగ్గరకు వచ్చేసరికి, అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అంచనాను అంచనా అని చెప్పడానికి నామోషీ ఎందుకు? ఒకట్ల స్థానం దాకా తేల్చి చూపిస్తే నమ్మకం పెరుగుతుందనా?

ఇక ఆహార పట్టిక. నేను తరచూ నమోదు చేసే ఒక పదార్థానికి పిండిపదార్థాలు 40 గ్రాములు, ప్రోటీన్ 6, కొవ్వు 5 అని ఉంది. పక్కనే కేలరీలు 92 అని ఉంది. పిండిపదార్థాలకు, ప్రోటీన్‌కు గ్రాముకు 4 చొప్పున, కొవ్వుకు 9 చొప్పున వేసుకుంటే 229 రావాలి. పీచు వల్ల కొంత తేడా రావచ్చు గానీ, సగానికి పైగా మాయం కాదు. దానికి ‘సరిచూసినది’ అన్న గుర్తు కూడా తగిలించారు. ఎవరు సరిచూశారో తెలుసుకోవాలని ఉంది. యాప్‌లోని నా ఆహార నమోదులు చూసే మా ఆహార నిపుణురాలు నాకు సలహా ఇస్తున్నారు. అంకెలు తప్పయితే ఆవిడ సలహా ఎటు పోతుందో మీరే ఆలోచించండి.

చందా ఆపేద్దామంటే పాత నమోదులు కనిపించవని మీ నిబంధనల్లో రాసుకున్నారు. తిన్నది నేను, నడిచింది నేను, కూర్చుని నమోదు చేసింది నేను. తాళం మాత్రం మీ చేతిలో.

కాబట్టి నా నమోదులన్నిటినీ స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలుగా పంపండి. అది నాకు అందాక మీ సర్వర్లలో ఉన్న నా ఆరోగ్య వివరాలను తొలగించి, తొలగించినట్లు రాతపూర్వకంగా తెలపండి. చందాలో మిగిలిన కాలానికి సొమ్ము వాపసు ఇచ్చి, దానంతటదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటును రద్దు చేయండి. 15 రోజుల్లోగా జవాబు రాకపోతే ఈ ఉత్తరాన్ని, స్క్రీన్‌షాట్లను జతచేసి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ చందాదారు

జతపరచినవి: స్క్రీన్‌షాట్లు, చందా రసీదు, మీ నుంచి వచ్చిన జవాబుల ప్రతులు