2024-25 వార్షిక నివేదిక: వంక పక్క భూమి, మన ఉమ్మడి స్థలం

సభ్యులందరికీ నమస్కారం. గడిచిన ఏడాది సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. వీధి దీపాలు, చెత్త సేకరణ, తాగునీటి పైపుల మరమ్మతు యథావిధిగా సాగాయి. వాటి ఖర్చులు కోశాధికారి లెక్కల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కాలనీకి తూర్పున వంకను (వాననీరు పారే చిన్న వాగును) ఆనుకొని ఉన్న పొలాన్ని వ్యవసాయ జోన్ నుంచి వాణిజ్య జోన్‌కు మార్చాలని వచ్చిన దరఖాస్తు మీదే కార్యవర్గం కాలం చాలావరకు గడిచింది.

ఈ వంక గురించి కొత్తగా చేరిన సభ్యుల కోసం కొంత చెప్పాలి. శేషాచలం కొండల మీద, వాటి పాదాల దగ్గర కురిసిన వాన తిరుపతి మీదుగా పల్లానికి దిగి చివరికి స్వర్ణముఖిలో కలుస్తుంది. దారిలో ఆ నీటిని పట్టి నిలపడానికి పెద్దలు గుంటలు, చెరువులు తవ్వించారు. పైది నిండి మరవ (అలుగు) పారితే ఆ నీరు వంకల గుండా కింది చెరువుకు చేరేది. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, పూలవానిగుంట అని మనం ఈనాడు చిరునామాల్లో రాసుకొనే పేర్లు ఆ నీటి ఏర్పాటును గుర్తు చేస్తూనే ఉన్నాయి. 2021 నవంబరు వానలకు నగరంలో ఎన్నో వీధులు మునిగినప్పుడు మన చివరి రెండు వీధుల్లో మోకాళ్ల లోతు నీరు నిలిచింది. అయినా అది రెండో రోజుకే తీసిందంటే ఈ వంక ఇంకా పూడిపోకుండా ఉండడం వల్లనే అని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

భూ వినియోగ మార్పిడి ముసాయిదా ప్రకటన పత్రికలో వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చిన గడువు పదిహేను రోజులు. మన సభ్యులలో ఒకరు దాన్ని గమనించి చెప్పేసరికి అందులో ఆరు రోజులు గడిచాయి. వెంటనే గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకళ్లు తీసుకొని చూడగా, వంక పోరంబోకుగా (ప్రభుత్వ భూమిగా) ప్రత్యేక సర్వే నంబరుతో స్పష్టంగా కనిపించింది. దరఖాస్తుతో జతచేసిన నక్షాలో మాత్రం అదే వంకను వాననీటి మురుగు కాలువగా చూపించారు. పేరులో ఏముందని కొందరు సభ్యులు అడిగారు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం వాగు, వంక, కాలువల హద్దు నుంచి 9 మీటర్ల లోపు కట్టడాలు రాకూడదు. అదే మురుగు కాలువైతే వదలవలసింది 2 మీటర్లు మాత్రమే. అంటే ఆ ఒక్క మాట మారితే, వరద వచ్చినప్పుడు నీరు పరచుకోవలసిన 7 మీటర్ల నేల వంక పొడవునా సిమెంటు కిందికి పోతుంది. మన అభ్యంతర పత్రంలో ప్రధానంగా రాసింది ఈ ఒక్క అంశమే.

పొలం యజమాని నాలా (సాగుభూమి మార్పిడి) రుసుము ఇప్పటికే చెల్లించారు కదా, ఇక అడ్డు చెప్పడానికి ఏముందన్న ప్రశ్న కూడా వచ్చింది. 2025లో రద్దయిన 2006 నాటి నాలా చట్టం కింద ఆర్డీఓ ఇస్తూ వచ్చిన అనుమతి సాగుభూమిని సాగేతర అవసరాలకు వాడుకోవడానికి సంబంధించినది. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్పు, లేఅవుట్ అనుమతి, భవన ప్లాను మంజూరు దేనికది వేరు. ఈ తేడా తెలియక స్థలాలు కొని నష్టపోయినవారు మనలోనే ఉన్నారు.

వాణిజ్య జోన్ వస్తే మన స్థలాల ధర పెరుగుతుందని, దుకాణాలు దగ్గరవుతాయని వాదించిన సభ్యుల అభిప్రాయాన్ని మినిట్స్‌లో నమోదు చేశాము. సంఘం దుకాణాలకు వ్యతిరేకం కాదు. వంకను వంకగా లెక్కించి, దాని హద్దు వదిలి కట్టుకోమన్నదే మన అభ్యర్థన. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మూడుసార్లు అర్జీ ఇచ్చిన తర్వాత ఉమ్మడి సర్వే జరిగింది, వంకకు రెండు వైపులా హద్దు రాళ్లు పాతారు. సవరించిన నక్షా సమర్పించమని దరఖాస్తుదారుకు తెలియజేసినట్టు మనకు మౌఖికంగా చెప్పారు. ఇది సగం పని మాత్రమే. రాతపూర్వక ఉత్తర్వు చేతికి వచ్చేవరకు కార్యవర్గం దీన్ని విజయంగా నమోదు చేయదు.

ఇక మన సంగతి. లేఅవుట్ నిబంధనల ప్రకారం ఉమ్మడి అవసరాలకు వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలాన్ని మన లేఅవుట్‌లో దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించారు. అందులో సభ్యుల కార్ల షెడ్లు, ఇసుక కుప్పలు ఏళ్లుగా ఉండిపోయాయి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పును మన అర్జీలో ఉదహరిస్తూ, మన ఉమ్మడి స్థలాన్ని మనమే ఆక్రమించుకొని ఉండడం కార్యవర్గానికి చాలా ఇబ్బందిగా తోచింది. అడగగానే షెడ్లు తీసేసిన సభ్యులకు కృతజ్ఞతలు. ఒకటి ఇంకా మిగిలింది, ఆ సభ్యునితో మాట్లాడుతున్నాము.

ఉమ్మడి సర్వే నివేదిక నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తుకు 30 రోజులు దాటినా జవాబు రానందున మొదటి అప్పీలు వేశాము. నకలు అందగానే సంఘం కార్యాలయంలో ఎఫ్‌ఎంబీ పటాల పక్కనే ఉంచుతాము. ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి సభ్యులు వచ్చి చూసుకోవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి