యానాం కబుర్లు

ఏరా బావా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్‌లో ఊరి కబుర్లు అడిగి, నేను నోరు తెరిచేలోపే మీటింగ్ ఉందని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

గోదారికి ఎర్రనీరు వచ్చింది, పులసల సీజన్ మొదలైంది. నిన్న పొద్దున్న ఒకావిడ పళ్లెంలో ఒకే ఒక్క చేప పెట్టుకుని కూర్చుంది. చుట్టూ జనం. కాకినాడ నుంచి కారులో వచ్చినాయన మొప్పలు ఎత్తి చూసి, పొట్ట నొక్కి, "ఇది గోదారిది కాదు, సముద్రం ఇలసే" అని తేల్చేశాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "కొంటే కొను, లేకపోతే నొక్కకు" అంది. అరగంట బేరమాడి చివరికి ఆయనే కొన్నాడు! ఎంతకో చెప్తే నీకు అన్నం సయించదు.

ఆగస్టు 15 వస్తోంది కదా, మా చిన్నాడి ఆనందం చూడాలి. పక్కనే ఆంధ్రా ఊళ్లో పిల్లలకి ఒక్కరోజే సెలవు, పుదుచ్చేరి కిందున్న మనకి 16 కూడా. ఎందుకని అడిగాడు. 1954 నవంబర్ 1న ఫ్రెంచివాళ్లు యానాం పాలన ఇండియాకి అప్పగించినా, కాగితాల మీద పూర్తిగా మన దేశానిదయ్యేసరికి 1962 ఆగస్టు 16 అయిందని చెప్పాను. "ఎనిమిదేళ్లు ఆలస్యమైతే ఒక్కరోజేనా ఇచ్చేది?" అన్నాడు. అచ్చం నీ పోలికే! పుదుచ్చేరి కంటే ముందే, 1954 జూన్ 13నే, స్వాతంత్ర్య సమరయోధుడు దడాల రఫేల్ రమణయ్య వాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి యానాంని పట్టుకున్నారని మా తాతయ్య మీసం తిప్పుతూ చెప్పేవాడు, గుర్తుందా?

ఇక ఊరి సంగతి. మనది పేరుకి మునిసిపాలిటీ, అదీ 1880 నాటిది. కౌన్సిల్‌కి మాత్రం 1968 తర్వాత మళ్లీ ఓట్లు పడింది 2006లో. వాళ్ల గడువు 2011లో తీరిపోయింది, అంతే, మళ్లీ ఎన్నికల మాటే లేదు. పక్కన తాళ్లరేవులో కుళాయి రాకపోతే వార్డు మెంబర్ని వాకిట్లోంచే కేకేస్తారు. మనం కేకేయడానికి మనిషేడి? ఏదున్నా ఎమ్మెల్యే, లేకపోతే అడ్మినిస్ట్రేటర్ గారికి అర్జీ. ముప్పై సీట్ల పుదుచ్చేరి అసెంబ్లీలో మనకున్నది ఒక్క సీటు, ఆ అసెంబ్లీ ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. కాలువ పూడిక తీయించడానికి ఇంత దూరం చూడాలా చెప్పు? టీకొట్టు దగ్గర ఇదంతా అంటే, "పెట్రోలు చవగ్గా వస్తోందిగా, ఇంకేం కావాలి" అంటారు మనవాళ్లు. నాకైతే ఆ మాట వింటే చిరాకు.

ఎర్రటోపీ పోలీసులు, పీవై-04 నంబరు బళ్లు, సాయంత్రం గోదారి గట్టు మీద మిరపకాయ బజ్జీలు, అన్నీ నువ్వు వదిలేసినట్టే ఉన్నాయి. ఎదుర్లంక వంతెన ఎక్కినప్పుడల్లా అమ్మకి గోదారి దాటించే పాత పంటు గుర్తొస్తుంది. సైకిల్ ఎక్కించడానికి నువ్వు పడ్డ అవస్థ చెప్పి నవ్వుతుంది.

అన్నట్టు, ఓటర్ల జాబితా చూసే ఆవిడ వచ్చింది. మీ ఇంటికి తాళం ఉంటే నీ నంబరు ఇచ్చాను. కొత్త నంబరని కట్ చేయకు, ఎత్తు.

ఉంటాను,
నీ బావ