ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే నీళ్ల సంగతేమిటి?

సంపాదకులకు,

నైట్రేట్ (నత్రజని ఉన్న లవణం) కలిసిన నీటి నుంచి, యూరియాకి ముడిసరుకైన అమ్మోనియాని కరెంటుతో తీసే ఉత్ప్రేరకాల (రసాయన చర్యను వేగం చేసే పదార్థాల) గురించి ఈ మధ్య తరచూ చదువుతున్నాం. ఊడుపుల వేళ యూరియా బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడే మా నరసన్నపేట వైపు రైతులకు వినడానికి బాగానే ఉంటుంది. కానీ లెక్క వేసి చూడండి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అంత నైట్రేట్ ఉన్న నీటి నుంచి 45 కిలోల యూరియా బస్తాకి సరిపడా నత్రజని తీయాలంటే సుమారు 20 లక్షల లీటర్లు తోడాలి. ఎరువు మీద ఆశ వదులుకుని నీళ్ల సంగతి చూసుకుందాం.

సైన్స్ టీచరుగా రిటైరయ్యాక ఊరికే ఉండలేక నీటిలో నైట్రేట్ చూసే పరీక్ష పట్టీలు కొన్నాను, రంగు ఎంత ముదిరితే నైట్రేట్ అంత ఎక్కువన్నమాట. మా ఊరి నూతి నీళ్లలో ముంచితే లేత గులాబీ రంగు వచ్చింది. ఆర్‌ఓ ప్లాంటు వెనక గొట్టం నుంచి కాలువలో పడే నీళ్లలో ముంచితే బాగా ముదిరింది. పట్టీ రంగు ల్యాబ్ రిపోర్టు కాదని తెలుసు, అయినా గుండె గుభేలుమంది. ఆ కాలువ పోయేది నూతి పక్కనుంచే. పెంటకుప్పలూ అక్కడే! ఆర్‌ఓ నైట్రేట్‌ని మాయం చేయదు, ఆ వృథా నీళ్లలోకి తోసేస్తుంది. మనం దాన్ని మళ్లీ భూమిలోకే ఇంకిస్తున్నాం.

ఉత్ప్రేరకాలకు తగిన చోటు ఆ గొట్టం దగ్గరే. నైట్రేట్ పలచగా ఉంటే కరెంటులో చాలా భాగం హైడ్రోజన్ తయారీకే పోతుంది, చిక్కగా ఉంటే పని సాగుతుంది. ఒక్కో నైట్రేట్ అయాను అమ్మోనియా కావాలంటే 8 ఎలక్ట్రాన్లు అందాలి. రాగి దాన్ని నైట్రైట్ (ఒక ఆక్సిజన్ తగ్గిన నైట్రేట్) దాకా చురుగ్గా తెస్తుంది గానీ, ఆపైన మందగిస్తుంది. అందుకే కోబాల్టు, రుథేనియం లాంటివి జోడిస్తున్నారు. నైట్రైట్ దగ్గరే ఆగిపోతే మొదటికే మోసం, పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయకుండా చేసేది అదే. పైగా మన ఉప్పునీళ్లలోని సున్నం ఎలక్ట్రోడు (నీటిలోకి కరెంటు పంపే పలక) మీద గారలా పేరుకుంటుంది. ల్యాబులో శుభ్రమైన ద్రావణంతో చేస్తే ఈ చిక్కు బయటపడదు.

ఎచ్చెర్ల, విజయనగరం విశ్వవిద్యాలయాలవారు ఏదో ఒక ఊరి ప్లాంటు వృథా నీళ్లతోనే ప్రయోగం చేసి చూడాలి. వచ్చిన అమ్మోనియాని నీటిలోంచి ఎలా తీస్తారో కూడా చూపాలి. అది ఫలించేదాకా ఆ గొట్టాన్ని నూతికి దూరంగా మళ్లించడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. బోర్లు, నూతుల నైట్రేట్ ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయించాలి. నీళ్లు మరిగిస్తే నైట్రేట్ పోదనీ, ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుందనీ డబ్బా పాలు కలిపే తల్లులకు ఆశా కార్యకర్తలు ఇప్పుడే చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా