రాణిగారి పాపకి అన్నం ఎవరు పెట్టారు?

ఏమే,

పిల్లల్ని బడి మాన్పించానని మా అమ్మ నీ దగ్గర మొత్తుకుందన్నమాట. పోలీసులు పట్టుకెళ్ళరా అంటున్నావు. పట్టుకెళ్ళరే! ఇంగ్లండులో 1996 నాటి విద్యాచట్టం పిల్లల్ని చదివించి తీరాలంటుంది గానీ, బడిలోనే చదివించాలనదు. సిలబస్ కూడా మన ఇష్టమే. లెక్కలు ఆయన చూస్తారు, చరిత్ర నాది. ఈ దేశంలో పుట్టిన పిల్లలకి ఈ దేశపు రాజుల కథలు బందరు ఆడపడుచు చెబుతోందంటే నవ్వొస్తోంది కదూ? నవ్వుకో.

ఇంగ్లండునేలిన ట్యూడర్ వంశపు రాజులతో మొదలెట్టాం. ఎనిమిదో హెన్రీకి ఆరుగురు పెళ్ళాలు కదా, వాళ్ళకేమైందో ఇక్కడి పిల్లలకి చిన్న పాటలా నోటికొచ్చు. ఒకావిడతో పెళ్ళి రద్దు, ఒకావిడ తల తీయించాడు, ఒకావిడ పోయింది, మళ్ళీ రద్దు, మళ్ళీ తల, ఆఖరావిడ మాత్రం బతికి బయటపడింది. పెద్దాడు అది పాడుతూ సోఫా మీద గెంతుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ తల తీయించినవాళ్ళలో మొదటావిడ, రెండో పెళ్ళాం ఆన్ బొలీన్‌ని 1536 మే 19న లండన్ టవర్లో చంపారని, కూతురు ఎలిజబెత్‌కి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదని చెప్పా. పాట ఆగింది. అప్పుడు చిన్నది అడిగింది: "మరి ఆ పాపకి అన్నం ఎవరు పెట్టారు?"

దానికి నిజంగానే జవాబుందే! ఆ పాపని పెంచే లేడీ మార్గరెట్ బ్రయన్ అదే ఏడు రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కి ఉత్తరం రాసింది. పిల్లకి గౌన్లు లేవు, లోపలి బట్టలు లేవు, రాత్రి తొడగడానికీ లేవు, ఏదో ఒకటి పంపండి బాబూ అని. దవడపళ్ళు వస్తూ పాప తెగ బాధపడుతోందట, అందుకే దాని మాట కాస్త సాగనిస్తున్నానని సంజాయిషీ. ఆ పసిదాన్ని పెద్దల బల్ల దగ్గర కూచోబెట్టి తినిపించాలని ఇంటి పెద్దాయన పట్టుబడుతుంటే, అక్కడ మాంసాలూ పళ్ళూ వైనూ కళ్ళబడ్డాక పిల్లని ఆపడం నావల్ల కాదని ఈవిడ గోల. అచ్చం మా అమ్మమ్మ మాట్లాడుతున్నట్టే ఉంది చదువుతుంటే. నిన్నటిదాకా యువరాణి, తల్లి తల తెగేసరికి ఒంటిమీదికి గుడ్డ కరువు! అధికారం పోవడమంటే ఏమిటో పిల్లలకి ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అప్పట్నుంచి మా పాఠాలన్నీ ఇలాగే. ఎవరు వండారు, ఎవరు తిన్నారు అని మొదలెడితే రాజులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూచుంటున్నారు. హెన్రీ ఉన్న హాంప్టన్ కోర్ట్ కోటకి తీసుకెళ్ళాను. గదులూ తెరలూ గబగబా దాటేసి వంటశాలలోనే ఉండిపోయాం. పూటకి 600 మందికి, రోజుకి రెండు పూటలు వండేవారట అక్కడ. ఆ మంటల ముందు కూచుని ఇనప చువ్వలకి గుచ్చిన మాంసం తిప్పడమే కొందరి పని. వంటశాల కుర్రాళ్ళు బట్టల్లేకుండానో, మురికి పీలికలతోనో తిరగకూడదు, పొయ్యి పక్కనే పడి దొర్లకూడదు అని 1526లో ఏకంగా రాజాజ్ఞ వచ్చింది. పెద్దాడికి ఆ ఏడాది ఇక జన్మలో మర్చిపోయేది కాదు.

పేదవాళ్ళ తిండి మేమూ వండాం. బార్లీ, క్యాబేజీ, ఉల్లి వేసి ఉడికించిన జావలాంటిది. బంగాళాదుంప వెయ్యకూడదు, టమాటా వెయ్యకూడదు, హెన్రీ గద్దెనెక్కేనాటికి అవి ఇక్కడ లేవు. "పచ్చిమిర్చి ఒక్కటైనా?" అంది చిన్నది. అదీ లేదే తల్లీ, అప్పుడు మనూళ్ళోనూ లేదు, మిరియాలే దిక్కు అన్నాను. ఇద్దరూ నమ్మలేదు. హెన్రీ గద్దెనెక్కిన 1509లోనే మన కృష్ణదేవరాయలూ ఎక్కాడు కదా, గోడ మీద కాగితం అంటించి ఇద్దర్నీ పక్కపక్కన రాశాం. వాళ్ళిద్దర్లో ఎవరి కంచంలోనూ మిరపకాయ లేదని కింద పెద్దాడు ఎర్ర పెన్నుతో రాసిపెట్టాడు.

ఈ నెల పోర్ట్స్‌మత్ వెళ్తాం. 1545లో మునిగి 1982లో పైకి తీసిన హెన్రీ ఓడ మేరీ రోజ్ అక్కడుంది. నావికుల పేలదువ్వెనలు కూడా దొరికాయి అందులో. చిన్నదాని జడ దువ్వడం నాకిప్పుడు సులువైంది, ఆ దువ్వెనల కథ చెబుతూ కానిచ్చేస్తున్నా.

నీతో ఒక పనుందే. ఆ తల్లిలేని పిల్లే రాణి అయి 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి అనుమతి పత్రం ఇచ్చింది. 1611కల్లా వాళ్ళు మన బందరులో దిగారు. మా కాగితం ఇక అక్కడికే వస్తుంది. నువ్వు కాస్త ఓపిక చేసుకుని బందరుకోట శిథిలాలు, డచ్చివాళ్ళ సమాధులు ఫొటోలు తీసి పంపు. ఎండ తగ్గాకే వెళ్ళు. సమాధుల మీద రాతలు కనబడేట్టు దగ్గరగా తియ్యి, పెద్దాడు ఒక్కో అక్షరం అడుగుతాడు.

నీ
నేనే