ఇరాన్ అరబ్ దేశం కాదు

సంపాదకులకు నమస్కారం.

పశ్చిమాసియాలో ఏ గొడవ మొదలైనా మన పత్రికల్లో, టీవీల్లో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఇరాన్‌ను తీసుకెళ్లి అరబ్ దేశాల్లో, అంటే అరబిక్ మాట్లాడే దేశాల్లో కలిపేస్తున్నారు. ఒక్కోసారి తుర్కియేను (టర్కీని) కూడా. ఇరానీయుల ఎదుట ఆ మాట అంటే నొచ్చుకుంటారు.

ఇరాన్ అధికార భాష ఫార్సీ. వంశం చూస్తే అది అరబిక్‌కు కాదు, మన హిందీ, ఉర్దూలకు చుట్టం. లిపి అరబ్బుల నుంచి తీసుకున్నా, అరబిక్‌లో లేని ప, చ, గ లాంటి ధ్వనుల కోసం నాలుగు అక్షరాలు చేర్చుకున్నారు. ఇస్లాంకు ముందు నాటి నౌరోజ్‌నే ఇప్పటికీ మార్చి 20, 21 ప్రాంతంలో కొత్త సంవత్సరంగా జరుపుకుంటారు. తుర్కియే భాషా వేరే, 1928 నుంచి రాసేది రోమన్ లిపిలో. 1945లో కైరోలో ఏర్పడిన అరబ్ లీగ్‌లో ఇప్పుడు 22 సభ్య దేశాలున్నాయి. ఈ రెండూ అందులో లేవు. ఎక్కడో ఆఫ్రికా పడమటి కొసన ఉన్న మారిటేనియా మాత్రం ఉంది!

ముస్లిం దేశాలు, గల్ఫ్ దేశాలు, అరబ్ దేశాలు అన్నీ ఒకటే అనుకోవడంతో వచ్చిన తంటా ఇది. ఇరవై కోట్లకు పైగా ముస్లింలున్న ఇండోనేషియాను అరబ్ దేశం అనం కదా. అరబ్బులంతా ముస్లింలూ కారు. లెబనాన్‌లో అధ్యక్ష పదవి ఆనవాయితీగా మారోనైట్ క్రైస్తవులదే. ఇక గల్ఫ్ ఉత్తరపు ఒడ్డంతా ఇరాన్‌దే అయినా, 1981లో పుట్టిన గల్ఫ్ సహకార మండలిలో ఉన్నవి ఆరు అరబ్ రాజ్యాలే. పక్కనే ఉన్న ఇరాక్ అరబ్ దేశమే అయినా అందులో లేదు.

ఈ తేడా తెలియకపోతే వార్తే అర్థం కాదు. 1973లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేసినప్పుడు అప్పటి రాజు షా పాలనలోని ఇరాన్ వాటితో కలవలేదు, తన చమురు అమ్ముకుంటూనే ఉంది. 1980 నుంచి 88 దాకా సాగిన ఇరాన్-ఇరాక్ యుద్ధంలో సౌదీ, కువైట్ ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌కు డబ్బు సాయం చేశాయి. అరబ్ దేశమే అయిన సిరియా మాత్రం ఇరాన్ పక్షాన నిలిచింది. అంటే అరబ్బులంతా ఒక జట్టు అనుకున్నా తప్పే.

నిజానికి హైదరాబాద్‌కు ఇదంతా ఎప్పుడో తెలుసు. బార్కస్‌లో ఉంటున్నవారి పూర్వీకులు నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు. ఇరానీ హోటళ్లు పెట్టినవారి పెద్దలు ఇరాన్ నుంచి వచ్చారు. పాతబస్తీలో ఎవరూ ఇద్దరినీ ఒకటి చేసి మాట్లాడరు.

మా జగిత్యాల వైపు సౌదీ పోయినా, మస్కట్ పోయినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. ఊరి మాటకు అది చెల్లుతుంది, పత్రికకు చెల్లదు. ఇరాన్ మీద బాంబులు పడ్డప్పుడు ‘అరబ్ దేశంపై దాడి’ అని టీవీలో స్క్రోలింగ్ వస్తే, పిల్లలు గల్ఫ్‌కు పనికి పోయిన ఇళ్లలో ఆ పూట అన్నం దిగదు. గల్ఫ్‌కు ముప్పు ఉండదని కాదు, దాడి ఎక్కడ జరిగిందో ముందు సరిగ్గా చెప్పమని.

అన్నీ కలిపి చెప్పాల్సి వస్తే పశ్చిమాసియా అనండి. ఆ ప్రాంతం వార్త పెద్దదైనప్పుడు పక్కన చిన్న పటం వేసి, అరబ్ లీగ్ దేశాలకు ఒక రంగు, ఇరాన్, తుర్కియే, ఇజ్రాయెల్‌లకు వేరే రంగు వేయండి. గ్రూప్స్ పరీక్షలకు మీ పత్రిక కత్తిరించి దాచుకునే పిల్లలు మా ఊళ్లో చాలామందే ఉన్నారు.

— ఒక పాఠకుడు, జగిత్యాల