గుండె కవాటం మార్చాక ఐఎన్ఆర్ ఎక్కడ చూస్తారు?

సంపాదకులకు,

రువాండాకు 2008 నుంచి టీమ్ హార్ట్ స్వచ్ఛంద బృందం వెళ్లి, కీళ్లవాత జ్వరంతో పాడైన గుండె కవాటాలకు ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. అక్కడైనా ఇక్కడైనా సర్జన్ ఒక్కరుంటే చాలదు. రోగిని గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం మీద పెట్టేముందు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాక, ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 480 సెకన్లు దాటిందో లేదో చూసే పెర్‌ఫ్యూజనిస్టు, అంటే ఆ యంత్రాన్ని నడిపే నిపుణుడు కావాలి. ఆ యంత్రంలో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ ఒక్కసారికే పనికొస్తుంది. స్టాకు అయిపోతే ఆ రోజు ఆపరేషన్ లేనట్టే.

అసలు చిక్కు ఇంటికొచ్చాకే. మెకానికల్ (కృత్రిమ) మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమవైపు గదుల మధ్య కవాటం ఉన్నవారు రక్తం పలచబరిచే మందు వాడుతుంటారు; వారికి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె, 2.5–3.5 మధ్య నిలవాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, పెరిగితే రక్తస్రావం. ఆ పరీక్షకు ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల కొండ పల్లెల నుంచి బరంపురం దాకా నెలనెలా ఎవరు వెళ్లగలరు? పర్లాకిమిడి, గుణుపురంలో వేలి రక్తపు చుక్కతో ఐఎన్ఆర్ చూసే మీటర్లు పెట్టండి. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి ఇచ్చే 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఎప్పుడూ నిండుకోకుండా చూడండి.

– కొందరు ఆరోగ్య కార్యకర్తలు, పర్లాకిమిడి