చేపకి రక్త పరీక్షేంటని నవ్వకు

ఏరా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇదైనా ఒక స్లైడుకీ ఇంకో స్లైడుకీ మధ్య రాస్తున్నాను. "చేపకి రక్త పరీక్షలేంట్రా, చెయ్యి చాపమంటావా?" అన్న నీ ముక్క ల్యాబులో అందరికీ చదివి వినిపించాను.

చెయ్యి లేదు గానీ తోక ఉందిగా! లవంగ నూనె కలిపిన టబ్బులో వేస్తే కాసేపటికి చేప మత్తుగా పక్కకి ఒరుగుతుంది. తోక మొదట్లో, కింది వైపు నుంచి సూది నిటారుగా గుచ్చి, వెన్నెముక తగలగానే రవ్వంత వెనక్కి లాగితే రక్తనాళం దొరుకుతుంది. అర కిలో చేప ఒంట్లో ఉన్న రక్తమే దాదాపు 20 మిల్లీలీటర్లు. అందులో అర మిల్లీలీటరు తీసి మంచినీళ్లలో వదిలితే తేరుకుని ఈదుకుంటూ పోతుంది. జబ్బేంటో తెలుసుకోడానికి చంపి కోయక్కర్లేదు, అదే నాకు నచ్చింది.

కొత్తలో నా ఘనకార్యం విను. ఓసారి 20 చేపల రక్తం తీశాను. మొదటి వాటికి గ్లూకోజ్ బాగానే ఉంది, పోనుపోను పెరిగి చివరి వాటికి రెట్టింపు దాటింది. చెరువంతా ఏదో తగులుకుందని రాత్రంతా టెన్షన్. పొద్దున మా సీనియర్ కాగితం చూసి, "ఎంతసేపు తరిమావు వీటిని?" అన్నాడు. గంట పైనే అన్నాను. "అయితే ఇది చేపల జబ్బు కాదు, నీ వల జబ్బు" అని నవ్వాడు. వల పడ్డ కొద్ది నిమిషాలకే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను లేస్తుంది, గ్లూకోజూ ఎక్కుతుంది. అప్పట్నుంచి ప్రతి ట్యూబు మీదా వల వేసిన టైము రాస్తున్నాను.

ఇంకోసారి సిరంజిలోకి వచ్చిన రక్తం ఎర్రగా లేదురా, చాక్లెట్ రంగు! నీళ్లలో ఆక్సిజన్ సరిపడా ఉన్నా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు పరీక్షిస్తే నైట్రైట్ బాగా ఎక్కువ. అది మొప్పల్లోంచి రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తే, ఇక అది ఆక్సిజన్ మోయలేదు. మందు ఏంటనుకున్నావు? మామూలు ఉప్పు! నైట్రైట్ మొప్పల్లో దూరేది క్లోరైడ్ వెళ్లే దారినే. ఉప్పు కలిపితే ఆ దారిలో ఉప్పులోని క్లోరైడ్ నిండిపోయి దీనికి సందు దొరకదు.

ఇన్ని చెప్పినా అందరూ అడిగేది ఒకటే, "నార్మల్ ఎంతండీ?" ఏం చెప్పను? జాతిని బట్టి, నీటి వేడిని బట్టి, మేత వేసి ఎంతసేపైందన్నదాన్ని బట్టి మారుతుంది. చేపలు బాగున్నప్పుడే నాలుగుసార్లు తీయించి రాసి పెట్టుకోండి, రేపు పోల్చుకోడానికి పనికొస్తుందంటాను. బాగున్న చేపకి పరీక్షెందుకని ఎవరూ వినరు.

రక్త కణాలు లెక్కపెట్టే మెషీన్ ఉండగా స్లైడ్లేంటని అడుగుతావేమో. మన ఎర్ర కణాల్లో కేంద్రకం ఉండదు, చేపలకి ఉంటుంది. మనుషుల రక్తానికి చేసిన మెషీన్ వాటిని చూసి తెల్ల కణాలని పొరబడుతుంది. అందుకే కళ్లు చికిలించుకుని చేత్తో లెక్కపెట్టడం. ఈ పేరా రాసేలోపు ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయాను. మళ్లీ మొదటి గడి నుంచి లెక్కపెట్టాలి, నీ పుణ్యమా అని.

నీ
చేపల డాక్టరు